అరిగిన తాళంచెవికి గేజ్ కంటే కాలిపరే నమ్మదగినది

అరిగిపోయిన తాళంచెవి కోతల లోతు తెలుసుకోవడానికి కీ గేజ్ కొనాలా, ఇంట్లో ఉన్న వెర్నియర్ కాలిపర్ (రెండు దవడల మధ్య పట్టి మందం కొలిచే పనిముట్టు) సరిపోతుందా అని మీరు అడిగారు. రాయగడలో తాళాల పని మీదే బతుకుతున్నవాడిగా చెబుతున్నాను, కాలిపరే వాడండి. గేజ్‌లో సన్నబడుతూ పోయే గాడిలోకి కోతను జరిపి, ఆగిన చోట ఉన్న అంకెను చదువుకుంటాం. కొత్త చెవికి అది చాలు. అరిగిన చెవి రెండు అంకెల నడుమ ఆగుతుంది. అప్పుడు ఎవరైనా దగ్గరి అంకెనే తీసుకుంటారు, పని అక్కడే చెడుతుంది.

గుణుపురం నుంచి ఒక మాస్టారు అలాంటి చెవినే తెచ్చారు. అమెరికాలో ఉన్న కొడుకు తెచ్చి బిగించిన ష్లేగ్ అనే కంపెనీ తాళం చెవి అది. అసలు చెవి పోవడంతో నకలుకు తీసిన నకలుతో నెట్టుకొస్తున్నారు. అది లోపలికి వెళుతుంది గాని తిరగదు. "బాబూ, దీన్ని చూసి ఇలాగే ఇంకొకటి కోసిపెట్టు" అన్నారు. "మాస్టారూ, ఇలాగే కోస్తే అదీ తిరగదండీ" అని చెప్పి కాలిపర్ తీశాను. ఆ కంపెనీ కోతల లోతులకు మెట్లుమెట్లుగా అంకెలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ కోత లోతవుతుంది, ఒక్కో మెట్టుకు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. మూడో లోతు దగ్గర 7.37, నాలుగో లోతు దగ్గర 6.99 మిల్లీమీటర్ల లోహం మిగలాలి. ఒక కోత దగ్గర 7.15 వచ్చింది. దగ్గరి అంకె నాలుగే. కాని మిగిలిన కోతలన్నీ ప్రమాణం కంటే ఇంచుమించు 0.2 తక్కువగా ఉండటం చూశాక, అది మూడేనని తేలిపోయింది. అరుగుదల లోహాన్ని తీసేస్తుందే తప్ప చేర్చదు గనుక, సందేహం వచ్చినప్పుడు ఎక్కువ లోహం ఉన్న అంకె వైపే మొగ్గాలి. కొడుకు పంపిన, ఇంకా కోతలు పడని ఖాళీ చెవి మీద ఆ కొలతలతో కోసి, అంచులను ఆకురాయితో నునుపు చేసి ఇచ్చాను. తాళం మొదటిసారికే తిరిగింది.

కాలిపర్ దవడల సన్నని కొసనే కోత అడుగున ఆనించాలి. వెడల్పు భాగం రెండు వైపుల వాలు మీద కూర్చుని కొలతను ఎక్కువగా చూపుతుంది. మా ఊరి బజారులో నకలు యంత్రం పెట్టుకున్నవారు ఈ కాస్త కొలతకు కూడా ఓపిక పట్టకుండా, అరుగుదలను ఉన్నదున్నట్టుగా కొత్త చెవి మీదికి ఎక్కించి డబ్బు తీసుకోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

మరో ముఖ్యమైన సంగతి. మీరు ప్రశ్నతోపాటు ఇంటి చెవి ఫోటోను కూడా పెట్టారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు దూరం నుంచి తీసిన ఫోటోతోనే చెవి కోతలను చదవవచ్చని 2008లో నిరూపించారు. మీ ఫోటో అంతకంటే ఎంతో స్పష్టంగా ఉంది. దయచేసి దాన్ని వెంటనే తొలగించి, కొలతలు కూడా ఇక్కడ రాయకుండా, తాళం ఏ కంపెనీదో మాత్రం చెప్పండి.