కణం మీది చక్కెరలను మార్చి నాడీ కణాలను తయారు చేయవచ్చా?

నల్లగొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. మర్రిగూడలో ఉండే తాతగారికి ఫ్లోరోసిస్ వల్ల కాళ్లు పట్టు తప్పాయి, ఆయనకు ఇది పనికొస్తుందా అని కూడా అడిగారు.

ప్రయోగశాలలో అయితే చేయవచ్చు. ఇవి మనం తినే పంచదార కాదు. ప్రతి కణం పైనా చక్కెర గొలుసుల పొర ఉంటుంది. అందులోని హెపరాన్ సల్ఫేట్ అనే గొలుసు ఎఫ్‌జీఎఫ్-2 వంటి, కణాలకు సంకేతాలిచ్చే ప్రోటీన్లను పట్టుకుని కణం మీది గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కు) జతచేస్తుంది. ఆ సంకేతం లోపలికి చేరితేనే పిండ మూలకణం (ఏ రకం కణంగానైనా మారగల తొలిదశ కణం) నాడీ కణంగా మారే దారి పడుతుంది. ఎక్స్‌ట్-1 జన్యువు లేని ఎలుక మూలకణాల్లో ఈ గొలుసు తయారు కాదు, అందుకే అవి ఆగిపోతాయి. 2014లో శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కామిల్ గోడులా బృందం, గొలుసును అనుకరించే కృత్రిమ పాలిమర్లకు (పొడవైన గొలుసు అణువులకు) కొవ్వు తోక తగిలించి అలాంటి కణాల పైత్వచంలో నిలిపింది. సంకేతం మళ్లీ అందింది, కణాలు నాడీ పూర్వకణాలుగా మారాయి. జన్యువును ముట్టుకోకుండానే ఇది జరగడం నిజంగా అద్భుతం!

తాతగారి సమస్య వేరు. ఫ్లోరోసిస్‌లో అతిగా పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కవచ్చు. ఆలస్యం చేయకుండా న్యూరోసర్జన్‌కు చూపించండి. ఆ ఒత్తిడిని తొలగించే శస్త్రచికిత్స కొందరికి మేలు చేస్తుంది.