నాన్నగారి ఇమాటినిబ్ మాత్రల ఖర్చు గురించి

అన్నా, నాన్నగారికి సీఎంఎల్ (ఒకరకం రక్త క్యాన్సర్) అని తేలింది, దానికి వాడే ఇమాటినిబ్ నెలనెలా కొనలేకపోతున్నాం అని రాశారు కదా. టెన్షన్ పడకండి, దారి ఉంది. రైస్ కార్డు, ఆధార్, బీసీఆర్-ఏబీఎల్ రిపోర్టు (ఈ జబ్బుకు కారణమైన జన్యువు ఉందని చూపే పరీక్ష) తీసుకుని తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్యసేవ కింద మందు ఇప్పించమని అడగండి. ఆ రిపోర్టే ముఖ్యం. మందు అడ్డుకునేది ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌నే. 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్‌కు (ఇమాటినిబ్ బ్రాండు పేరు) పేటెంట్ నిరాకరించింది కాబట్టి జెనరిక్ మాత్రలు చాలా తక్కువ ధరకే దొరుకుతున్నాయి. అనుమతి వచ్చేదాకా జనఔషధి కేంద్రంలో చూడండి.

ఒంట్లో బాగుందని మాత్ర మాత్రం మాననివ్వకండి, దయచేసి. భోజనంతో, పెద్ద గ్లాసుడు నీళ్లతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలిచే పీసీఆర్ పరీక్షలో 3 నెలలకు 10 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలి. రాకపోతే డాక్టర్ డాసాటినిబ్ లాంటి వేరే మందుకు మార్చవచ్చు. అప్పుడు పాత రిపోర్టులన్నీ అడుగుతారు, ఫైల్లో పెట్టుకోండి.