క్రీడా సందేహాలు: కాలేజీ జట్టుకు అసిస్టెంట్ కోచ్ కావాలంటే

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. మూడేళ్లూ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడాను, యూనివర్సిటీ తరఫున ఒకసారి సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళ్లాను. అసిస్టెంట్ కోచ్‌గా మొదలుపెట్టి ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయమంటారా, పటియాలా కోచింగ్ డిప్లొమానా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీకు కావలసింది కాలేజీలో పర్మనెంటు ఉద్యోగమా, పూర్తికాలం కోచింగా అన్నది ముందు తేల్చుకోండి. రెండు దారులూ డిగ్రీ దగ్గరే చీలిపోతాయి. మన కాలేజీల్లో చాలాచోట్ల అసిస్టెంట్ కోచ్ అనే పోస్టే ఉండదు. జట్టు బాధ్యత పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారిది. ఆయనకు తోడుగా సీజన్ వరకు గౌరవ వేతనం మీద ఒకరిని పెట్టుకుంటారు. ఆ పని చేస్తూనే అర్హత సంపాదించుకోవాలి తప్ప, పని అనుభవమే ఉద్యోగం ఇప్పిస్తుందని కూర్చోకూడదు.

పీడీ కావాలంటే ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి రెండేళ్ల బీపీఈడీ, ఆపైన అందులోనే పీజీ అయిన రెండేళ్ల ఎంపీఈడీ చేయాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ, పోటీల్లో ఆడిన రికార్డు చూస్తారు. ఫిట్‌నెస్ పరీక్ష కూడా ఉంది: 30 ఏళ్లలోపు మహిళలైతే 8 నిమిషాల్లో 1000 మీటర్లు, పురుషులైతే 12 నిమిషాల్లో 1800 మీటర్లు. నెట్ చదువులో పడి పరుగు మానేయకండి. సౌత్ జోన్ సర్టిఫికెట్ ఒరిజినల్ భద్రంగా దాచుకోండి, ఇక్కడ పనికొచ్చేది అదే.

కోచింగే కావాలంటే పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ)లో ఏడాది డిప్లొమా. అదే సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతుంది. రెండూ ఒకటే అనుకుని చిన్న కోర్సుతో సరిపెట్టుకున్నవాళ్లు, డిప్లొమా అడిగిన నోటిఫికేషన్ రాగానే ఆగిపోతున్నారు. మీకు మా సలహా: బీపీఈడీలో చేరి, ఆ రెండేళ్లూ ఏదో ఒక కాలేజీ జట్టు వెంట ఉండండి. కోచింగ్ మీద అప్పటికీ ఇష్టం తగ్గకపోతే డిప్లొమాకు వెళ్లండి.

ప్రశ్న: ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్‌గా చేరాను. బంతులు, కోన్లు సర్దడం తప్ప వేరే పని చెప్పడం లేదు. కోచ్ గారి నమ్మకం ఎలా సంపాదించాలి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: లెక్క రాయడంతో మొదలుపెట్టండి. మ్యాచ్ జరుగుతుంటే హెడ్ కోచ్ కళ్లు ఆట మీదే ఉంటాయి. ఫౌళ్లు, టైమౌట్లు గుర్తుపెట్టుకోవడం మీ వంతు. క్వార్టర్‌లో జట్టంతా కలిపి నాలుగు ఫౌళ్లు (టీమ్ ఫౌళ్లు) అయిపోతే, ఆ తర్వాత మనవాళ్లు డిఫెన్స్‌లో చేసే ప్రతి ఫౌల్‌కూ అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. నాలుగోది పడగానే ‘మనవి నాలుగు’ అని చెప్పండి, చాలు. అక్కడ వివరణ మొదలుపెడితే ఆయన వినరు. టైమౌట్లు మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు. మొదటి సగంలో వాడనివి తర్వాతకు రావు. హాఫ్ ముగియబోతూ ఒకటి మిగిలి ఉంటే గుర్తుచేయాల్సింది మీరే. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో మొదటి అసిస్టెంట్ కోచ్‌కూ టైమౌట్ అడిగే హక్కుంది, అయినా కోచ్ చెప్పకుండా అడగకండి. ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడటానికీ వీల్లేదు.

ప్రాక్టీసులో ఒక్కో ప్లేయర్‌తో విడిగా 20 నిమిషాలు ఇమ్మని కోచ్ గారిని అడగండి. రెండు కార్నర్లు, రెండు వింగ్‌లు, మధ్యలో టాప్: ఐదు చోట్ల పదేసి షాట్లు వేయించి, ఎన్ని పడ్డాయో నోట్‌బుక్‌లో చోటు వారీగా రాయండి. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన పెడితే ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో కోచ్ గారికే తెలుస్తుంది. ఆఖరి పది షాట్లు వరసగా రింగ్ ముందు అంచుకు తగులుతున్నాయంటే చేతిని సరిచేయకండి. చాలాసార్లు కాళ్లు అలిసి మోకాలు వంగకపోవడమే కారణం. రెండు నిమిషాలు ఆపి మళ్లీ వేయించి చూడండి.

విశాఖ ఉక్కపోతలో చెమటకు బంతి జారుతుంది. ప్రతి రింగ్ దగ్గరా పొడి తువ్వాలు ఉంచండి. సిమెంటు కోర్టు మీద రోజూ జంప్ డ్రిల్స్ పెడితే పిక్కల ముందు ఎముక నొప్పి మొదలవుతుంది, రోజు మార్చి రోజు పెట్టండి.

టోర్నమెంటు కాగితాలు కూడా మీరే తీసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఐడీ కార్డులో పొడి అక్షరంగా ఉంటే వెరిఫికేషన్ బల్ల దగ్గర చిక్కు. ప్రయాణానికి రెండు వారాల ముందే అందరి మెమోలూ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఇది చేసిపెట్టే అసిస్టెంట్‌ను ఏ పీడీ గారూ వదులుకోరు.

ప్రశ్న: అమెరికా యూనివర్సిటీ జట్ల దగ్గర ‘గ్రాడ్యుయేట్ అసిస్టెంట్’ అంటే ఏమిటి? మనవాళ్లకు వీలవుతుందా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: అక్కడ ఎమ్మెస్ చదువుతూ జట్టుకు పనిచేసే విద్యార్థి. మ్యాచ్ వీడియోను ముక్కలుగా కోయడం, ప్రాక్టీసు ఏర్పాట్లు, ఎదుటి జట్టు ఆట గమనించి రాయడం లాంటివి చేస్తారు. బదులుగా ఫీజులో మినహాయింపు, కొంత స్టైపెండ్ దొరకవచ్చు. చాలామంది అసిస్టెంట్ కోచ్‌లు అక్కడ ఈ మెట్టు నుంచే ఎక్కారు. మనవాళ్లకు వీలవుతుంది, పోటీ మాత్రం గట్టిగా ఉంటుంది. ముందు అడ్మిషన్ తెచ్చుకుని, చేరకముందే కోచింగ్ స్టాఫ్‌కు మీరు కోసిన మ్యాచ్ వీడియో పంపండి. ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదు. ఎన్ని గంటలు పనిచేయాలో ఆఫర్ లెటర్‌లో చూసుకున్నాకే ఒప్పుకోండి.