హమాలీ సంఘానికి చందా ఎందుకు కట్టాలి? ఆ డబ్బు ఎటు పోతుంది?

తాడేపల్లిగూడెంలో రైస్ మిల్లు హమాలీ ఒక్కడే వెళ్లి కూలి పెంచమని అడిగితే, మరునాడు అతని చోట మరొకరు బస్తా మోస్తుంటారు. అందుకే సంఘం. దానికి ఆఫీసు అద్దె, కరపత్రాలు, కార్మిక శాఖ అధికారుల చుట్టూ తిరగడానికి ఛార్జీలు కావాలి. అసలు భారం కోర్టు కేసులది: ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యాన్ని ఒక కూలీ సొంత డబ్బుతో నడపలేడు. బస్తా జారి నడుం దెబ్బతింటే మందులకూ కొన్ని సంఘాలు ఈ నిధి నుంచే ఇస్తాయి. యజమాని సొమ్ముతో నడిచే సంఘం ఆయనతో బేరమాడగలదా? రాజకీయ ఖర్చులకు నిధి విడిగా ఉండాలని, దానికి ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టరాదని 2025 దాకా అమల్లో ఉన్న 1926 నాటి కార్మిక సంఘాల చట్టమే చెప్పింది. లెక్కల పుస్తకాలు చూసే హక్కును కూడా సభ్యులకు అదే ఇచ్చింది. రసీదు మాత్రం అడిగి తీసుకోండి.