కొత్త యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు: 12 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను, మా ఆయన కలిసి ఏడాదికి 4 లక్షల దాకా సంపాదిస్తాం. మా అమ్మాయికి ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఒక పాత కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 75 వేలు, కాలేజీకి న్యాక్ (సంస్థ నాణ్యతకు ఇచ్చే జాతీయ గుర్తింపు) ఉంది. తనకేమో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) చదవాలని ఆశ. హైదరాబాద్ శివార్లలో నిరుడే మొదలైన ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఆ సీటు ఇస్తానంటోంది. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 3 లక్షలు. అక్రిడిటేషన్ (న్యాక్ లాంటి నాణ్యతా గుర్తింపు) ఇంకా రాలేదట. మా దగ్గరున్న 5 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతా 7 లక్షలకు లోన్ పెడదామనుకుంటున్నాం. చేర్పించవచ్చా?

జవాబు: మీరు చెప్పిన లెక్కలతోనైతే వద్దనే అంటాను. కొత్త యూనివర్సిటీ అయినంత మాత్రాన చెడ్డదని కాదు. అక్కడ ఏదైనా తేడా జరిగితే తట్టుకోవడానికి మీ చేతిలో ఏమీ మిగలదు, అదే నా భయం.

ముందు డిగ్రీ చెల్లుతుందా లేదా అన్నది చూసుకోండి. ప్రైవేటు యూనివర్సిటీకి రాష్ట్ర ప్రభుత్వ చట్టం ఉండాలి, యూజీసీ (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లోని జాబితాలో పేరుండాలి. ఇందులో అజాగ్రత్త పనికిరాదు. 2022లో తెలంగాణ అసెంబ్లీలో ప్రైవేటు యూనివర్సిటీల బిల్లు పాసైంది. గవర్నర్ ఆమోదం రాకముందే కొందరు యూనివర్సిటీ పేరుతో పిల్లల్ని చేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఆ తల్లిదండ్రులు రోడ్డెక్కాల్సి వచ్చింది. జాబితాలో పేరుంటే డిగ్రీకి ఢోకా లేదు. గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయడానికి, ప్రభుత్వ ఉద్యోగాలకు ఎన్‌బీఏ (ఇంజినీరింగ్ కోర్సులకు నాణ్యతా గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందా అని అడగరు.

ఇక అక్రిడిటేషన్. ఎన్‌బీఏ ఒక్కో కోర్సుకు విడివిడిగా ఇస్తుంది. అదీ కనీసం రెండు బ్యాచ్‌లు చదువు పూర్తి చేశాకే. న్యాక్‌కైతే రెండు బ్యాచ్‌లు బయటికి రావాలి, లేదంటే సంస్థకు ఆరేళ్లు నిండాలి. నిరుడు మొదలైన చోట మీ అమ్మాయిది రెండో బ్యాచ్. అంటే తను పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చాకే అక్కడ ఆ మాట మొదలవుతుంది. “వచ్చే ఏడాదికల్లా వచ్చేస్తుంది మేడమ్” అని అడ్మిషన్ల వాళ్లు చెబితే నమ్మకండి. బ్రోషర్‌లో ప్లేస్‌మెంట్ల ఫొటోలుంటే అవి ఏ కాలేజీ పిల్లలవో అడగండి. ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాని చోట ప్లేస్‌మెంట్లు ఎక్కడివి?

అక్రిడిటేషన్ లేకపోవడం మీ జేబుకు నేరుగా తగిలేది లోన్ దగ్గర. ఏడాది ఆదాయం 4.5 లక్షల లోపున్న కుటుంబాల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం ఉంది. చదువుకునే కాలంతో పాటు ఆ తర్వాత ఏడాది వరకు విద్యారుణం మీద వడ్డీ కేంద్రమే భరిస్తుంది. కానీ సంస్థకు న్యాక్ గానీ, కోర్సుకు ఎన్‌బీఏ గానీ ఉండాలి. మీ ఆదాయానికి ఈ పథకం వర్తిస్తుంది, ఆ యూనివర్సిటీకి వర్తించదు. కేంద్రానిదే మరో విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి కూడా జాతీయ ర్యాంకింగ్‌ల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థలకే.

రాయితీ లేకుండా లెక్క వేద్దాం. 7 లక్షలను ఏడాదికి 1.75 లక్షల చొప్పున తీసుకున్నారు, వడ్డీ 10.5 శాతం అనుకోండి. చదువు అయ్యాక ఏడాది గడువు ముగిసేసరికి సాధారణ వడ్డీయే 2.57 లక్షలవుతుంది. మొత్తం 9.57 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 12,900 ఈఎంఐ. అమ్మాయికి మొదటి ఉద్యోగం 25 వేల జీతంతో వస్తే సగం దీనికే పోతుంది. ఉద్యోగం ఆలస్యమైతే ఈఎంఐ మీ మెడకు చుట్టుకుంటుంది, అప్పటికి ఎఫ్‌డీ కూడా ఉండదు. పైగా ఇది నాలుగేళ్లూ ఫీజు పెరగదనుకుని వేసిన లెక్క.

అదే పాత కాలేజీలో హాస్టల్‌కు ఏడాదికి 80 వేలు వేసుకున్నా నాలుగేళ్లకు 6.2 లక్షలు. ఎఫ్‌డీలో 2 లక్షలు కదపకుండా ఉంచండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆదుకునేది అదే. మిగతా 3 లక్షలు వాడి, 3.2 లక్షలకు లోన్ తీసుకోండి. 4 లక్షల లోపు విద్యారుణానికి బ్యాంకులు సాధారణంగా హామీ అడగవు. తహసీల్దార్ దగ్గర ఆదాయ ధ్రువపత్రం తీసుకుని, వడ్డీ రాయితీకి దరఖాస్తు చేస్తానని బ్యాంకులో మొదటి రోజే చెప్పండి.

అమ్మాయి ఆశను పక్కన పెట్టమనడం లేదు. ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. అదనంగా 18 నుంచి 20 క్రెడిట్ల (చదువు భారాన్ని కొలిచే పాయింట్లు) సబ్జెక్టులు చదివితే, అసలు డిగ్రీకి తోడుగా మరో సబ్జెక్టులో మైనర్ డిగ్రీ పొందే వీలును సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ కల్పించింది. ఆ కాలేజీలో ఏఐ-ఎంఎల్ మైనర్ ఉందేమో కనుక్కోండి. ఈ లెక్క కాగితం తన ముందు పెట్టి మాట్లాడండి. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఇంటి పరిస్థితి అర్థమవుతుంది, దాచిపెట్టి అప్పు చేయడమే తప్పు.

ఆ యూనివర్సిటీ వాళ్లు సీటు నిలపడానికి అడ్వాన్స్ అడుగుతుంటే కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే రద్దు చేసుకుంటున్నట్టు మెయిల్ పెట్టి, యూజీసీ రిఫండ్ నిబంధనల ప్రకారం వెనక్కి అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, వాటినీ తెచ్చేసుకోండి. అన్నిటికంటే ముందు ఈసీఈ సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ మీద గడువు తేదీ చూడండి. ఆ లోగా ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో సీటు తీసుకుంటున్నట్టు నమోదు) చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది.