కంప్యూటర్ సందేహాలు: సిగ్విన్‌లో విండోస్ పైథాన్

ప్రశ్న: సార్, మాది కాశీబుగ్గ. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. తూకం వివరాల ఫైలు తీసుకుని ఎక్సెల్‌ని తెరిచి బిల్లు నింపి, ఆ బిల్లు ఏ పేరుతో సేవ్ అయిందో చెప్పే పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో చక్కగా నడుస్తుంది. మిగతా పనంతా సిగ్విన్‌లో (విండోస్ మీద యూనిక్స్ తరహా కమాండ్లు నడిపించే సాఫ్ట్‌వేర్) బాష్‌తోనే (కమాండ్లు కొట్టే షెల్) కదా అని, ఫైలుకి /సిగ్‌డ్రైవ్/డి/ తో మొదలయ్యే దారి (పాత్) ఇచ్చి దీన్నీ అక్కడినుంచే పిలిస్తే ఫైలు లేదంటోంది. ఎల్ఎస్ కొడితే ఫైలు అక్కడే ఉంది! సిగ్విన్ పైథాన్ వేసుకోమని ఫ్రెండ్ అంటున్నాడు, వేసుకోనా?

జవాబు: వద్దు. ఎక్సెల్‌ని నడిపిస్తున్నారంటే పైవిన్32 (పైథాన్ నుంచి విండోస్ ప్రోగ్రాములని నడిపించే లైబ్రరీ) వాడుతున్నట్టే, దానికి విండోస్ పైథానే కావాలి. మీ స్క్రిప్టులో తప్పేం లేదు, టెన్షన్ పడకండి.

మీరు ఇచ్చిన దారి /సిగ్‌డ్రైవ్/డి/ అని మొదలవుతుంది. ఆ పేరు సిగ్విన్ ప్రోగ్రాములకే తెలుసు, డిస్కు మీద అలాంటి ఫోల్డరే లేదు. బాష్ దాన్ని ఉన్నదున్నట్టు పైథాన్ చేతికిస్తుంది, విండోస్ ఏమో ముందున్న ఏటవాలు గీతని (/) చూసి ఇప్పుడున్న డ్రైవ్‌లో సిగ్‌డ్రైవ్ అనే ఫోల్డరు కోసం వెతుకుతుంది. ఎక్కడ దొరుకుతుంది? దారిని విండోస్ పద్ధతికి మార్చి ఇవ్వాలి. సిగ్‌పాత్ అనే కమాండు (సి, వై, జి, తర్వాత పాత్) అందుకే ఉంది, మైనస్ డబ్ల్యూ పెడితే డి: తో మొదలయ్యే దారి ఇస్తుంది. డాలర్ బ్రాకెట్లలో దాన్ని రాసి చుట్టూ డబుల్ కోట్స్ తప్పకుండా పెట్టండి, "జీడి బిల్లులు" లాంటి ఖాళీ ఉన్న పేరైతే కోట్స్ లేకుండా రెండు ముక్కలైపోతుంది.

ఇది సరిచేశాక ఇంకోటి ఎదురవుతుంది, నన్ను ఒక పూటంతా తిప్పించింది ఇదే. పైథాన్ చెప్పిన బిల్లు పేరు వేరియబుల్‌లో పెట్టుకుని కాపీ కొడితే మళ్ళీ ఫైలు లేదంటుంది. ఎకో కొడితే పేరు అక్షరం పొల్లుపోకుండా కరెక్టే! టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్ రాసినవాళ్ళని అడగండి, లైను అయ్యాక క్యారేజిని వెనక్కి లాగడం ఒకటి, కాగితం పైకి జరగడం ఇంకొకటి. విండోస్ ఇప్పటికీ లైను చివర ఆ రెండూ, అంటే 13, 10 నంబర్ల గుర్తులు పెడుతుంది. యూనిక్స్‌కి 10 ఒక్కటే చాలు. బాష్ చివరి 10ని తీసేస్తుంది, 13 మాత్రం పేరుకి అతుక్కుని ఉండిపోతుంది, కంటికి కనపడదు. అనుమానం వస్తే అవుట్‌పుట్‌ని క్యాట్ మైనస్ పెద్ద ఏ కి పంపి చూడండి, లైను చివర టోపీ గుర్తు, పెద్ద ఎం కనిపిస్తాయి. పైథాన్ తర్వాత పైపు పెట్టి టిఆర్ మైనస్ డి తో ఆ గుర్తుని తీసేయండి, ఆ తర్వాతే సిగ్‌పాత్ మైనస్ యు తో దారిని ఇటువైపుకి మార్చుకోండి. ముందు మార్చి తర్వాత తీద్దామనుకోవద్దు.

ఈ మార్పులన్నీ బాష్ స్క్రిప్టులో ఒకే ఫంక్షన్‌లో పెట్టుకోండి. పైథాన్ ఫైలులోకి సిగ్‌డ్రైవ్ మాట రానివ్వకండి, రేపు కమాండ్ ప్రాంప్ట్‌లో నడపాల్సొస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పార్టీల పేర్లు తెలుగులో ప్రింట్ చేస్తుంటే పైథాన్ యుటిఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 చేయండి (పైథాన్ 3.7 నుంచి ఉంది), లేకపోతే పైపులోకి వెళ్ళేటప్పుడు ఎన్‌కోడింగ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది.

ప్రశ్న: గిట్ బాష్‌లో (విండోస్‌లో గిట్‌తో పాటు వచ్చే బాష్) సిఎండి /సి అని కమాండు ఇస్తే అది నడవకుండా విండోస్ ప్రాంప్ట్ తెరుచుకుని కూర్చుంటోంది. ఎందుకు? (ఇంజనీరింగ్ విద్యార్థిని, విజయనగరం)

జవాబు: ఇక్కడ కథ తిరగబడిందమ్మా. కమాండుకి ఇచ్చిన దారులని సిగ్విన్ మార్చదు, గిట్ బాష్ అడక్కుండానే మార్చేస్తుంది. గీతతో మొదలైన ప్రతిదీ దారే అనుకుని మీ /సి ని సి డ్రైవ్ చేసి పంపింది. గీత రెండుసార్లు, //సి అని కొట్టండి, ఒకటి తీసేసి సరిగ్గా అందిస్తుంది.