అన్నీ ఉన్నాయి.. తృప్తే లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 41. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భార్య, ఇద్దరు పిల్లలు, సొంత ఫ్లాట్, కారు.. దేనికీ లోటు లేదు. అయినా ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టే ఉంటుంది. అన్నం ఐదు నిమిషాల్లో ముగించేస్తాను. తిన్నాక కడుపుబ్బరం, త్రేన్పులు. గృహప్రవేశం చేసి ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఫోన్‌లో విల్లాలు వెతుకుతున్నాను. బీపీ, షుగర్ నార్మల్. ఉన్నదాంతో తృప్తి పడమని ఇంట్లో అంటారు. ఎలాగో తెలియడం లేదు.
- ఓ పాఠకుడు

జవాబు: ముందుగా ఒక రక్త పరీక్ష చేయించుకోండి. మీరు బీపీ, షుగర్ గురించి రాశారు గానీ థైరాయిడ్ మాట ఎత్తలేదు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే మనిషి ఒకచోట నిలకడగా కూర్చోలేడు. గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, బాగానే తింటున్నా బరువు తగ్గడం వంటివి దానికి తోడవుతాయి. టీఎస్‌హెచ్ పరీక్షతో విషయం తేలిపోతుంది. అలాగే కాఫీ, టీలు రోజుకు ఎన్నిసార్లు తాగుతున్నారో చూసుకోండి. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. మధ్యాహ్నం 2 దాటాక మానేయండి.

ఇక అసలు సంగతి. కొత్త ఇల్లు, కొత్త కారు, జీతం పెంపు.. ఏదైనా కొన్నాళ్లకు మనసుకు అలవాటైపోతుంది. ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచే ట్రెడ్‌మిల్ లాంటిదన్నమాట. 1971లో బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని వివరించారు. కాబట్టి ఇది మీ ఒక్కరి లోపం కాదు. విల్లా కొన్నా కథ ఇదే. పెద్ద ఇల్లు కోరుకోవడం తప్పని నేను అనను. కాకపోతే మూడు నెలల పాటు ఆ యాప్‌లు తీసేయండి. ఈ తొందరలో నిర్ణయం మాత్రం వద్దు.

తృప్తి పడమని మనసుకు ఎంత నచ్చజెప్పినా వినదు. ఉన్నది ముందు కంటపడాలి, అందుకు వేగం తగ్గాలి. మీ విషయంలో అన్నం దగ్గరే మొదలుపెట్టడం మేలు. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. గబగబా తింటే ఆలోపే ఎక్కువ తినేస్తారు, పైగా గాలి కూడా మింగేస్తారు. మీ త్రేన్పులకు, ఉబ్బరానికి ఇదే కారణం కావచ్చు.

భోజనమంతా నెమ్మదిగా తినాలని పట్టు పడితే రెండో రోజుకే వదిలేస్తారు. మొదటి మూడు ముద్దలు చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. అన్నం వేడి వేళ్లకు తెలిసేలా కలపండి. పప్పులో ఇంగువ వాసన, పోపులో ఎండుమిర్చి ఘాటు, నంజుకున్న ఆవకాయ పులుపు.. ఒక్కోటీ విడిగా పట్టుకోండి. చాలామంది తప్పటడుగు వేసేది ఎక్కడంటే, నోట్లో ముద్ద ఉండగానే చెయ్యి తర్వాతి ముద్ద కలిపేస్తుంటుంది. మింగేదాకా చెయ్యి కంచంలో కదలకూడదు. మొదట్లో విసుగ్గా, చిరాగ్గా అనిపిస్తుంది. వేగానికి అలవాటుపడ్డ మెదడు అలాగే మొరాయిస్తుంది. అది సహజమే, వారం పది రోజులు ఓపిక పట్టండి.

ఆఫీసు నుంచి వచ్చి కారు పార్క్ చేశాక, వెంటనే దిగకుండా 5 నిమిషాలు కూర్చోండి. 4 సెకన్లు ముక్కుతో గాలి పీల్చి, 6 సెకన్లు వదలండి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావంతో గుండె వేగం తగ్గుతుంది. అందుకే వదిలే సమయం ఎక్కువ ఉండాలి. తల తిరిగినట్టు అనిపిస్తే మరీ లోతుగా పీలుస్తున్నారని అర్థం, కాస్త తగ్గించండి.

వీటితోపాటు ఒక నోటుపుస్తకం. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో కొందరు విద్యార్థులు పది వారాల పాటు, వారానికోసారి, తమకు మేలనిపించిన సంగతులు ఐదు వరకు రాశారు. చికాకులు రాసినవారికంటే వీరిలో జీవితంపై సంతృప్తి ఎక్కువగా కనిపించింది. మీరు ఆదివారం సాయంత్రం మూడు రాస్తే చాలు. ప్రతిసారీ ‘కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం’ అని రాస్తే అది హాజరుపట్టీ అవుతుంది. ‘గురువారం కరెంటు పోయినప్పుడు చిన్నది బాల్కనీలో చెప్పిన కబుర్లు’ అన్నంత స్పష్టంగా ఉండాలి. నెలకోసారి దీన్ని తిరగేసి కూడా రాయండి. లోన్ మంజూరు కాకపోయి ఉంటే, మీ ఆవిడతో పరిచయమే జరగకపోయి ఉంటే? మంచి సంఘటన జరగకపోయి ఉంటే అని ఊహించుకోవడం, జరిగిన దాన్ని ఊరికే నెమరేసుకోవడం కంటే ఎక్కువ సంతోషాన్నిస్తుందని 2008లో వెలువడిన పరిశోధనలో తేలింది.

ఒక హెచ్చరిక. ఆఫీసులో రోజుకు పన్నెండు, పద్నాలుగు గంటలు పని చేయిస్తుంటే దానికి ఈ పుస్తకం మందు కాదు. మేనేజర్‌తో మాట్లాడి పనిగంటలు తగ్గించుకోవాల్సిందే. అలాగే రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైనవీ రుచించకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చేయడం, బతకాలనిపించకపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. ‘అన్నీ ఉండి కూడా ఏడుస్తున్నానే’ అని మిమ్మల్ని మీరు తిట్టుకుంటే అది ఇంకా ముదురుతుంది. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.